వచ్చేటప్పుడు అడగని డబ్బును పోయేటప్పుడు ఏమడుగుతాం?

నెల్లూరులో డాలరు రేటు పట్టనివాళ్ళు తక్కువ. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నవాళ్ళకు పట్టింపు, సరుకు అమెరికా పోతుంది గనక. కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో బేళ్ళు పెట్టుకుని కూచున్న పొగాకు రైతు నోరు తెరిచి అడక్కపోయినా, ఆ బేలు కొనే కంపెనీ డాలరు చూసుకునే ధర పలుకుతుంది. చీమకుర్తి గెలాక్సీ రాయి ఓడెక్కి చైనాకు, ఇటలీకి పోతుంది. కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్ళ ఇళ్ళల్లో దినారు లెక్క నడుస్తుంది. ఇక పిల్లల్ని అమెరికా చదువుకు పంపినవాళ్ళ సంగతి చెప్పేదేముంది! ఒకే ఇంట్లో రొయ్యలమ్మే అన్న రూపాయి కాస్త పడితే బాగుండనుకుంటాడు, కూతురి ఫీజు కట్టాల్సిన తమ్ముడు పడకూడదని మొక్కుకుంటాడు.

ఇంత పట్టింపు ఉన్న చోట కూడా, దేశాలు దాటి తిరిగే పెట్టుబడి గురించి మాట్లాడాల్సి వస్తే అదేదో బొంబాయి, ఢిల్లీ వాళ్ళ వ్యవహారంలాగా వదిలేస్తాం. "విదేశీ మదుపరులు అమ్మేశారు, రూపాయి జారింది" అని పేపర్లో రెండు ముక్కలు చదివి పేజీ తిప్పేస్తాం. ఆ అమ్మేసినవాళ్ళు ఎప్పుడొచ్చారు, వచ్చేటప్పుడు వాళ్ళను ఎవరేం అడిగారు అన్న ప్రశ్న మనకు రాదు. నా గొడవంతా ఆ ప్రశ్న గురించే.

నా వాదన ముందే చెప్పేస్తాను. పెట్టుబడుల మీద నియంత్రణ పెట్టొచ్చా, పెట్టకూడదా అని అర్థశాస్త్రం చదివినవాళ్ళు కొట్టుకోవడం ఎప్పటినుంచో ఉంది. పెట్టాలన్నవాళ్ళ పక్షమే నాది. కాకపోతే పెట్టాల్సింది డబ్బు లోపలికి వచ్చేటప్పుడు. అది కూడా ఎవరి డబ్బు అని కాదు, ఎన్నాళ్ళుండే డబ్బు అని చూసి పెట్టాలి. మన దేశం ఈ పదేళ్ళలో దాదాపు దీనికి తలకిందులుగా నడుస్తోంది. పొద్దున వచ్చి సాయంత్రం పోగల డబ్బుకు ఒక్కో అడ్డూ తీసేస్తూ, పిల్ల చదువుకు డబ్బు పంపే తండ్రి దగ్గర కాగితాలు పెంచుతోంది.

తండ్రి సంగతే ముందు చెప్తాను, నా కళ్ళముందు జరిగేది అదే గనక. ఇన్‌కమ్‌టాక్స్ రిటర్నులు వేయడం నా పని. జూలై, ఆగస్టు నెలలొస్తే రిటర్నులతో పాటు ఎ2 ఫారాలు పట్టుకుని జనం వస్తారు. విదేశాలకు డబ్బు పంపాలంటే బ్యాంకులో నింపాల్సిన ఫారం అది. దాని వెనకుండే ఏర్పాటు ఎల్‌ఆర్‌ఎస్, అంటే మామూలు మనుషులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం. 2004లో మనిషికి ఏడాదికి 25 వేల డాలర్లతో మొదలై, ఇప్పుడు రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకునే వీలుంది. పంపుకోవచ్చు, నిజమే. కానీ 2020 అక్టోబరు నుంచి దానికి టీసీఎస్ అని, ముందుగానే వసూలు చేసే పన్ను ఒకటి, తోకగా తగిలించారు. సొంత డబ్బుతో చదువుకు పంపితే, ఏడాదిలో మొదటి 7 లక్షలు వదిలి, పైదాని మీద 5 శాతం బ్యాంకు ముందే పట్టుకుని ప్రభుత్వానికి జమ చేసేది. 20 లక్షలు పంపితే 65 వేలు. చదువు, వైద్యం కాని పనులకైతే 2023 అక్టోబరు నుంచి అది 20 శాతం. 2025 ఏప్రిల్‌లో మినహాయింపును 10 లక్షలకు పెంచారు, బ్యాంకులో విద్యారుణం తీసుకుని పంపేవాళ్ళకు పూర్తిగా ఎత్తేశారు. అప్పు చేసి పంపితే ఏమీ లేదు, పొలం అమ్మి పంపితే ఉంది!

ఆ మార్పులకు ముందు, బుచ్చి వైపు వరి రైతు ఒకాయన నా టేబులు ముందు కూచుని అడిగిన మాట ఇది: "ఏంది సార్ ఇది, ఎకరా అమ్మి పంపిస్తా ఉండా. మళ్ళా దీంట్లో గవర్నమెంటుకి అరవై ఐదు వేలు కట్టేదేంది?"

"ఊరికే పోదన్నా. రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది."

"ఎప్పుడొస్తది?"

"వచ్చే సంవత్సరం."

"పాప ఫీజు ఈ నెల్లోనే గదా సార్."

ఆయనకు వ్యవసాయమే ఆదాయం. దాని మీద పన్ను లేదు. జన్మలో రిటర్ను వేసిన మనిషి కాదు. తన మీద లేని పన్నును ముందు కట్టి, అది లేదని రుజువు చేసుకుని వెనక్కి తెచ్చుకోవడానికి ఇప్పుడు రిటర్ను వేయాలి. పాన్‌కు ఆధార్ జతకాక ఆ పాన్ పనిచేయకపోతే రేటు ఇంకా పెరుగుతుంది. నాకు దీనివల్ల ఒక ఫీజు వస్తుందనుకోండి, ఆ మాట దాచను. విదేశాల్లో లక్షలు ఖర్చుపెడుతూ ఇక్కడ రిటర్నే వేయనివాళ్ళను పట్టుకోవడానికి ఇది పెట్టామని ప్రభుత్వం చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది. పేరుకు ఇది పెట్టుబడి నియంత్రణ కూడా కాదు, పన్ను వసూలు పద్ధతి. కానీ డబ్బు గడప దాటే చోట నిలబెట్టి కొంత పట్టుకోవడాన్ని ప్రపంచంలో మిగతా చోట్ల నియంత్రణ అనే అంటారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2020 మార్చి 30న రిజర్వు బ్యాంకు ఫుల్లీ యాక్సెసిబుల్ రూట్ అని ఒక దారి ప్రకటించింది. అంతకుముందు విదేశీ మదుపరులు కేంద్ర ప్రభుత్వ బాండ్లు మొత్తంలో 6 శాతం మించి పట్టుకోకూడదు, తక్కువ గడువు బాండ్లలో ఇంతకు మించి పెట్టకూడదు అని కట్టుబాట్లుండేవి. ఈ కొత్త దారిలో చేర్చిన బాండ్లకు ఆ హద్దులేమీ లేవు. ఎంతైనా కొనొచ్చు, మర్నాడే అమ్ముకుని పోవచ్చు. దాని ఫలితంగానే 2024 జూన్ 28న అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ నడిపే వర్ధమాన దేశాల బాండ్ల సూచీలోకి, అంటే విదేశీ ఫండ్లు చూసి కొనే జాబితాలోకి, మన బాండ్లు చేరాయి. నెలకు ఒక శాతం చొప్పున పెరిగి 10 శాతం వాటాకు చేరాయి. పేపర్లు పండగ చేసుకున్నాయి.

షేర్ల వైపు కూడా ఇవాళ కొని మర్నాడే అమ్ముకుని పోవడానికి అడ్డేమీ లేదు. అక్కడ ఏం జరుగుతుందో ఒక నెల చూస్తే చాలు. 2024 అక్టోబరులో విదేశీ మదుపరులు మన షేర్లలోంచి నికరంగా సుమారు 94 వేల కోట్ల రూపాయలు వెనక్కి తీసుకున్నారు. అప్పటి రేటున 1,100 కోట్ల డాలర్ల పైమాటే. 2023-24 ఆర్థిక సంవత్సరం మొత్తంలో దేశంలోని తల్లిదండ్రులందరూ ఎల్‌ఆర్‌ఎస్ కింద చదువుల కోసం పంపింది సుమారు 350 కోట్ల డాలర్లు. అంటే ఇంతమంది రైతులు, ఉద్యోగులు, వ్యాపారులు కలిసి ఏడాదంతా పంపినదానికి మూడు రెట్లు ఒక్క నెలలో వెళ్ళిపోయింది, ఒక్క ఫారం నింపి సంజాయిషీ చెప్పకుండా. రూపాయిని కదిలించేది ఎవరో, మనం ఎవరి జేబు తడుముతున్నామో దీన్నిబట్టి అర్థం కావాలి.

మా జిల్లాలో చెరువుల కింద పెరిగినవాళ్ళకు ఈ సంగతి చెప్పడం తేలిక. తూము, కలుజు ఎప్పుడు బాగుచేస్తారు? ఎండాకాలంలో. వాగు పొంగి నీళ్ళు కట్ట అంచుకు వచ్చాక ఇసుక బస్తాలు మోయడం నియంత్రణ కాదు, దిక్కుతోచక చేసే పని. డబ్బు విషయంలో మనది ఎప్పుడూ బస్తాల పద్ధతే.

దీనికి మన చరిత్రలోనే రుజువులున్నాయి. కొంచెం వెనక్కి వెళ్దాం.

1973 నాటి ఫెరా చట్టం కింద విదేశీ మారకం దగ్గర పెట్టుకోవడమే నేరం. విదేశాలకు ఉద్యోగానికో చదువుకో పోయే డాక్టర్లు, ఇంజనీర్లు జేబులో ఎనిమిది డాలర్లతో విమానమెక్కిన కథలు పాతతరం చెప్తూ ఉంటుంది. అంత గట్టి కట్టడిలో కూడా 1991 వచ్చింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడింది, చమురు ధర ఎగిరింది, అక్కడ పనిచేసే మనవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. అదే సమయంలో మన బ్యాంకుల్లో డాలర్లు దాచుకున్న ప్రవాస భారతీయులు ఆ డిపాజిట్లు తీసుకోవడం మొదలుపెట్టారు. నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయే స్థాయికి పడిపోయాయి. రిజర్వు బ్యాంకు దగ్గరున్న బంగారంలో సుమారు 47 టన్నులు 1991 జూలైలో విమానాల్లో బయటికి పంపి కుదువ పెట్టాల్సి వచ్చింది.

ప్రవాసుల డిపాజిట్ల మాట చాలామంది దాటేస్తారు, నాకు మాత్రం అక్కడే ఆగాలనిపిస్తుంది. "మనవాళ్ళ డబ్బు, ఎక్కడికి పోతుందిలే" అనుకున్న డబ్బే భయం పుట్టగానే ముందు పోయింది. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు, కష్టార్జితాన్ని కాపాడుకోవాలని ఎవరైనా చూస్తారు. ఇంటికి పంపే డబ్బు వేరు, వడ్డీ కోసం దాచే డబ్బు వేరు. కువైట్ నుంచి తల్లి పిల్లల ఖర్చులకు పంపింది తిరిగి పోదు. ప్రపంచబ్యాంకు లెక్కల్లో 2024లో మన దేశానికి అలా వచ్చింది సుమారు 12,900 కోట్ల డాలర్లు, ప్రపంచంలోనే ఎక్కువ. ఈ దేశానికి నమ్మకమైన డాలర్లంటే అవే. పెట్టుబడికి పాస్‌పోర్టు చూసి ముద్ర వేయడం దండగ. గడువు చూడాలి.

తర్వాత 1997. ఆ సంవత్సరం జరిగిన విచిత్రం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రూపాయిని మూలధన లావాదేవీలకు, అంటే పెట్టుబడులకు, అప్పులకు కూడా పూర్తిగా స్వేచ్ఛగా మార్చుకునేలా 2000 నాటికి చేసేయొచ్చని రిజర్వు బ్యాంకు వేసిన తారాపోర్ కమిటీ మే నెలాఖరులో నివేదిక ఇచ్చింది. నెల తిరిగి, జూలై 2న థాయిలాండ్ తన కరెన్సీ బాత్ రేటును కాపాడటం మానేసి మార్కెట్‌కు వదిలేసింది. అక్కడి కంపెనీలు, బ్యాంకులు తక్కువ గడువుకు డాలర్లలో అప్పులు తెచ్చి భవనాల్లో పోసి ఉన్నాయి. మంట ఇండోనేషియాకు, మలేషియాకు, కొరియాకు పాకింది. ఇండోనేషియా రూపాయి డాలరుకు 2,400 దగ్గర ఉన్నది ఏడాది తిరగకుండా 15 వేలు దాటింది. డాలర్లలో అప్పున్న కంపెనీకి బాకీ ఆరింతలైతే ఏం మిగులుతుంది? మనకు ఆ సెగ తగిలింది గానీ ఇల్లు కాలలేదు. మన బ్యాంకులను, కంపెనీలను తక్కువ గడువు విదేశీ అప్పులు ఇష్టమొచ్చినట్టు తెచ్చుకోనివ్వకపోవడం దానికి ముఖ్య కారణం. తారాపోర్ కమిటీ కూడా షరతులు పెట్టే చెప్పిందనుకోండి, లోటు తగ్గాలి, బ్యాంకుల మొండిబాకీలు తగ్గాలి అని. అయినా అదే సెప్టెంబరులో హాంకాంగ్‌లో కూర్చుని అంతర్జాతీయ ద్రవ్యనిధి పెద్దలు పెట్టుబడుల స్వేచ్ఛను తమ నిబంధనావళిలోకి ఎక్కించే ఆలోచన చేశారు. పక్కూళ్ళు తగలబడుతున్న పొగ ఆ హాల్లోకి రాలేదేమో.

"మలేషియా పోయే డబ్బుకే అడ్డం పెట్టింది కదా, పనిచేసింది కదా" అని నన్ను ఎదుర్కొనేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్న. 1998 సెప్టెంబరు 1న మహతీర్ ప్రభుత్వం, విదేశీయులు షేర్లు అమ్ముకున్న డబ్బు ఏడాదిపాటు దేశం దాటకూడదంది. రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టేసింది. అడ్డుచెప్పే ఆర్థికమంత్రి అన్వర్ ఇబ్రహీంను మర్నాడే పదవిలోంచి తీసేశారు. 1998లో 7 శాతానికి పైగా కుంగిన ఆ దేశం 1999లో 6 శాతం పెరిగింది. అందరూ చెప్పిన ప్రళయం రాలేదు. కానీ రెండు సంగతులు మరవకూడదు. ద్రవ్యనిధి చెప్పిన దారిన నడిచిన కొరియా కూడా 1999లో అంతకంటే వేగంగా లేచింది. పైగా బాత్ కూలిన 14 నెలలకు మలేషియా తలుపు మూసింది. పోవాల్సినవాళ్ళు చాలావరకు అప్పటికే పోయారు. ఆ మూత వల్ల వడ్డీరేట్లు తగ్గించుకునే వీలు కలిగింది, ఆ మేరకు మంచిదే. పారిపోయే డబ్బును ఆపి దేశాన్ని కాపాడిన ఉదాహరణగా మాత్రం దాన్ని ఒప్పుకోలేను.

నా వాదనకు అసలైన సాక్ష్యం మనదే. 2007, 2013 పక్కపక్కన పెట్టి చూడండి. రెండుసార్లూ రిజర్వు బ్యాంకు గవర్నర్లు తెలుగువాళ్ళే. మొదటిసారి కడప జిల్లాలో పుట్టిన వై.వి.రెడ్డి, రెండోసారి ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు.

2007లో డాలర్లు వరదలా వచ్చాయి. 2007-08లో నికరంగా వచ్చిన పెట్టుబడి 10 వేల కోట్ల డాలర్లు దాటింది. 44 దగ్గరున్న డాలరు 39కి దిగింది. దేశం గొప్పదైపోయిందని టీవీల్లో సంబరం. అప్పుడు మా రొయ్యల ఎగుమతిదారులు, ఒంగోలు గ్రానైటు వాళ్ళు ఏడ్చిన ఏడుపు ఎవరికీ వినపడలేదు. డాలర్లలో ధర ముందే కుదుర్చుకున్న సరుకు మీద వందకు పది రూపాయలు గాల్లో పోయాయి, సరుకు మారలేదు, కూలి మారలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు. వేరేవాళ్ళు షేర్లు కొనడానికి తెచ్చిన డాలర్ల వల్ల, తన చెమటతో డాలరు సంపాదించేవాడి రూపాయలు తగ్గిపోయాయి. డబ్బు ఎక్కువ రావడం కూడా ఒక జబ్బేనని మన జిల్లాకు తెలిసినంత బాగా బొంబాయికి తెలియదు. రూపాయి ఇంకా బలపడుతుందన్న నమ్మకంతో ఆ రోజుల్లో కొన్ని బ్యాంకులు ఎగుమతిదారులకు ఆప్షన్లని, డాలరు రేటు మీద పందెంలాంటి అర్థంకాని ఒప్పందాలు అంటగట్టాయి. 2008లో గాలి తిరిగాక తిరుప్పూరు బనియన్ల వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు.

అప్పుడు రెడ్డి గారి బ్యాంకు చేసిన పనులు చూడండి. వచ్చిన డాలర్లు కొని నిల్వ చేసింది, 2007 మార్చిలో 20 వేల కోట్లకు దగ్గరున్న నిల్వలు ఏడాదిలో 31 వేల కోట్ల డాలర్లయ్యాయి. ఆ డాలర్ల కోసం వదిలిన రూపాయలను బాండ్లమ్మి వెనక్కి లాగింది. ఆగస్టులో, రెండు కోట్ల డాలర్లు మించి విదేశాల్లో అప్పు తెచ్చే కంపెనీలు ఆ డబ్బును విదేశాల్లోనే ఖర్చుపెట్టాలంది. సెప్టెంబరులో మామూలు జనానికి ఎల్‌ఆర్‌ఎస్ పరిమితి లక్ష నుంచి రెండు లక్షల డాలర్లకు పెంచింది, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు మన జనానికి దారి ఇచ్చింది. అక్టోబరు 16న షేర్ మార్కెట్ల మీద అజమాయిషీ చేసే సెబీ పార్టిసిపేటరీ నోట్ల మీద, అంటే పేరూ ఊరూ చెప్పకుండా విదేశీయులు మన షేర్లలో పెట్టే డబ్బు మీద, ఆంక్షల ప్రతిపాదన తెచ్చింది. మర్నాడు సెన్సెక్స్ 1,700 పాయింట్లకు పైగా పడి గంటసేపు లావాదేవీలే ఆగిపోయాయి. దేశం మునిగిపోయిందన్నారు. సాయంత్రానికి నష్టం 336 పాయింట్లకు తగ్గింది. ఆంక్షలు వచ్చాయి. అదే నెల 29న సెన్సెక్స్ మొదటిసారి 20 వేలు తాకింది. లోపలికి వచ్చేవాణ్ణి పేరు అడిగితే, అలిగి ఒక పూట కూచున్నాడు, అంతే.

ఇక 2013. మే 22న అమెరికా ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు బెర్నాంకే, మార్కెట్లోకి డాలర్లు వదులుతూ చేస్తున్న బాండ్ల కొనుగోళ్ళు తగ్గిస్తామేమో అన్నాడు. ఆయన అన్నది వాళ్ళ కాంగ్రెసు కమిటీ ముందు, వాళ్ళ దేశం గురించి. మన దగ్గర డాలరు 55 నుంచి ఎక్కడం మొదలైంది. మనకు అప్పటికే ముందు ఏడాది కరెంటు ఖాతా లోటు, అంటే బయటి దేశాల నుంచి సంపాదించినదానికంటే వాళ్ళకు కట్టింది ఎక్కువైన మొత్తం, జీడీపీలో 4.8 శాతం, ఆ లోటును పూడ్చింది వచ్చిపోయే డబ్బే. ఆగస్టు 14న రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పరిమితిని రెండు లక్షల నుంచి 75 వేల డాలర్లకు కోసేసింది. భారతీయ కంపెనీలు విదేశాల్లో పెట్టే పెట్టుబడి మీద కూడా కోత పెట్టింది. విదేశీ మదుపరులను ముట్టుకోలేదు. అయినా వాళ్ళు ఏమనుకున్నారు? సొంత పౌరులనే కట్టేసేంత పరిస్థితి వచ్చిందంటే రేపు మనవంతు అనుకున్నారు. ఆగస్టు 16న సెన్సెక్స్ 769 పాయింట్లు పడింది. 28న డాలరు 68 దాటింది. ఇరవై వేల డాలర్ల ఫీజు మే నెలలో 11 లక్షలు, ఆగస్టులో 13 లక్షల 60 వేలు. కాలేజీలు తెరిచేదీ ఆగస్టులోనే.

సుబ్బారావు గారిని ఒక్కణ్ణే నిలదీయడం అన్యాయం. 2013 గండం వచ్చేసరికి అంతకుముందు నాలుగేళ్ళు తేలికగా వచ్చిన డబ్బు లోపల కూచుని ఉంది. అందులో షేర్లలోకి వచ్చినదాన్ని గడువు అడిగే ఏర్పాటు లేదు. పోయేటప్పుడు చేతికి దొరికినవాళ్ళు మనవాళ్ళు, వాళ్ళనే పట్టుకున్నారు. ఆఖరుకు గండం గట్టెక్కించింది రఘురామ్ రాజన్ వచ్చాక సెప్టెంబరులో తెరిచిన కిటికీ. ప్రవాసుల నుంచి మూడేళ్ళకు తగ్గకుండా డాలరు డిపాజిట్లు తెస్తే, రూపాయి పడే నష్టం ఏడాదికి 3.5 శాతం మించి బ్యాంకుల మీద పడకుండా తానే భరిస్తానంది రిజర్వు బ్యాంకు. అలా వచ్చినవి 2,600 కోట్ల డాలర్లు, బ్యాంకుల ఇతర విదేశీ అప్పులు కలిపితే 3,400 కోట్లు. 1991లో ముందు పారిపోయిన ప్రవాస డిపాజిట్లే ఇవి, ఈసారి గడువుతో కట్టి తెచ్చారు గనక 2016 దాకా కదల్లేదు.

ఆ వేసవిలోనే బంగారం సంగతీ చూశాం. లోటు తగ్గించాలని దిగుమతి సుంకం 10 శాతానికి పెంచారు, తెచ్చినదాంట్లో అయిదో వంతు నగలుగా ఎగుమతి చేయాలన్నారు. నెల్లూరు ఆచారి వీధిలో పనిచేసేవాళ్ళను అడగండి, బంగారం ఆగిందా అని. చెన్నై మనకు రైలు దూరం. ధరలో తేడా ఎంత ఉంటే దొంగదారి అంత వెడల్పవుతుంది. ఏ కట్టడి అయినా ఇలా కారుతుందని తెలిసే మాట్లాడాలి.

వచ్చే డబ్బు మీద కట్టడి మాత్రం కారదా? కారుతుంది. చిలీ 1991 నుంచి ఏడేళ్ళు ఈ పని చేసింది. విదేశాల నుంచి వచ్చిన పెట్టుబడిలో మొదట 20, తర్వాత 30 శాతం ఏడాదిపాటు కేంద్ర బ్యాంకులో వడ్డీ లేకుండా పెట్టాలి. పదేళ్ళు ఉండేవాడికి ఆ ఏడాది వడ్డీ లెక్కలోకి రాదు. నెలకు పోయేవాడికి గిట్టదు. మనిషిని అడగకుండానే గడువును జల్లెడ పట్టే పద్ధతి అది. వచ్చిన డబ్బు మొత్తం పెద్దగా తగ్గలేదు, అందులో తక్కువ గడువుది తగ్గి ఎక్కువ గడువుది పెరిగింది. వాళ్ళ కరెన్సీ పెసో బలపడటాన్ని మాత్రం అది ఆపలేకపోయింది. చిన్న కంపెనీలకు పెట్టుబడి పుట్టడం కష్టమైందని క్రిస్టిన్ ఫోర్బ్స్ అనే ఆర్థికవేత్త లెక్కకట్టి చూపించింది, ఆ మాట తోసేయడానికి లేదు. బ్రెజిల్ 2009 అక్టోబరులో లోపలికి వచ్చే డబ్బుపై 2 శాతం పన్ను వేసి, ఏడాది తిరిగేసరికి బాండ్ల మీద 6 శాతానికి పెంచింది. ఆ గొడవలోనే వాళ్ళ ఆర్థికమంత్రి మాంతెగా "కరెన్సీ యుద్ధం" అన్నాడు. 2013 జూన్‌లో డబ్బు పోవడం మొదలవగానే బాండ్ల మీద ఆ పన్నును సున్నా చేసింది. అలా దించడానికి పైన ఒక మెట్టు ముందే కట్టుకుని ఉండటం దాని అదృష్టం. అదే నెలల్లో మనకు దించడానికి ఏమీ లేదు, ఎక్కించడానికి మన జనమే ఉన్నారు.

1997లో హాంకాంగ్‌లో వేరే పాట పాడిన ద్రవ్యనిధి సైతం 2012లో కొన్ని సందర్భాల్లో నియంత్రణలు తప్పు కాదంది. 2022లో ఇంకో అడుగు వేసి, వరద రాకముందే జాగ్రత్తగా పెట్టుకున్నా ఒప్పుకుంటామంది. వాళ్ళు ఇంత దూరం నడిచి ఇటు వస్తున్న కాలంలో మనం ఫుల్లీ యాక్సెసిబుల్ అంటూ అటు నడుస్తున్నాం.

బాండ్ల దారి తెరవడం వల్ల మంచి లేదనను. ఆ బాండ్లు రూపాయల్లో ఉంటాయి గనక, రూపాయి పడితే నష్టం కొన్నవాడిది, మనది కాదు. ఇండోనేషియా కంపెనీల డాలరు అప్పులతో దీన్ని కలపకూడదు. ప్రభుత్వానికి వడ్డీ కాస్త తగ్గుతుంది కూడా. కానీ సూచీని చూసి కొనేవాడు మన దేశాన్ని చూసి కొనడు. న్యూయార్కులో వాటా పెంచితే కొంటాడు, తగ్గిస్తే అమ్ముతాడు, మన వానలు బాగున్నాయా, మన లోటు ఎంత అన్నది వాడికి అక్కర్లేదు. ఎలెన్ రే అనే ఆర్థికవేత్త 2013లో జాక్సన్ హోల్ సమావేశంలో చెప్పింది ఇదే. అమెరికా వడ్డీని బట్టి ప్రపంచమంతా డబ్బు ఒక్కసారిగా ఉబ్బుతుంది, ఒక్కసారిగా తగ్గుతుంది, రూపాయిని మార్కెట్‌కు వదిలేసినంత మాత్రాన దాన్నుంచి తప్పించుకోలేం.

అందుకని నేనడిగేది పెద్ద విప్లవం కాదు. ఆ బాండ్లలో పెట్టే విదేశీ డబ్బులో కొద్ది భాగం, చిలీలాగా 30 శాతం అక్కర్లేదు, అయిదు శాతం చాలు, ఏడాది దాకా రిజర్వు బ్యాంకు దగ్గర వడ్డీ లేకుండా ఉంచమనాలి. డబ్బు ఎక్కువొచ్చే ఏడు అది పెంచాలి, ఎండిపోయే ఏడు సున్నా చేయాలి. ముందే చట్టంలో రాసి పెట్టాలి, అర్ధరాత్రి ప్రకటనలు వద్దు. రెండోది, కాలేజీ ఖాతాకే నేరుగా పోయే ఫీజుకు టీసీఎస్ తీసేయాలి, డబ్బు ఎటు పోయిందో బ్యాంకు దగ్గర రశీదు ఉంటుంది గనక దొంగను పట్టుకోవడానికి రైతును ఆపక్కర్లేదు. మొదటిదానికి "సూచీలోంచి తీసేస్తారు" అని బెదిరింపు వస్తుంది. తీసేస్తే తీసేయనీండి, 2024కు ముందు ఆ సూచీలో లేకుండానే ఈ దేశం రోడ్లు వేసింది. ప్రభుత్వానికి వడ్డీ కొంచెం పెరుగుతుందన్న మాట నిజం, ఆ ఖర్చు పెట్టుకోవాలంటాను.

ఈ రెండో కోరికకు మా ఊళ్ళో అందరూ తలూపుతారు. మొదటిదానికి నాకు తెలిసిన ఒక రొయ్యల ఎగుమతిదారు ఒప్పుకోడు. "డబ్బు రానీ, పోనీ, నీకెందుకు సామీ? పోయినప్పుడల్లా రూపాయి పడుతుంది, నాకు నాలుగు డబ్బులు మిగుల్తాయి" అంటాడు. ఆయన మరిచిపోయేదల్లా ఆ డబ్బు వచ్చిన సంవత్సరాల సంగతి. 2007లో ఆయన గోడౌన్లో సరుకు పెట్టుకుని 39 రూపాయలకు డాలరు మార్చుకున్నాడు. 2013 ఆగస్టులో 68 వచ్చేనాటికి ఆయన బ్యాంకు అప్పు డాలర్లలో ఉంది, పెరిగిన రేటు సగం అక్కడే చెల్లిపోయింది. ఆయన కూతురు అప్పుడు టెక్సాస్‌లో చదువుతోంది. ఆ లెక్క అడిగితే మాత్రం టీ చెప్తాడు.